హైదరాబాదు – షికాగో: ఇక తగ్గని దూరం

"ప్రపంచం చిన్నదైపోయింది" అన్న మాట మన సభలలోను, విందులలోను తరచుగా వినిపిస్తూ ఉంటుంది. ఇక్కడ విమానం ఎక్కితే మర్నాటికల్లా మన ఊళ్ళో ఉంటామని పిల్లలకు చెబుతాము. అదే మాట ఫోనులో పెద్దలకు చెప్పి ధైర్యం చెబుతాము. ఈ మాటలో సగం నిజం ఉన్నది. ప్రపంచం చిన్నదైన సంగతి వాస్తవమే. కాని అది చిన్నదవడం మానివేసి అరవై ఏళ్ళు దాటింది. ఈ రెండో సగాన్ని విస్మరించి మనం వేసుకుంటున్న లెక్కలు మన కుటుంబాలకు మేలు చేయడం లేదని నా అభిప్రాయం. అందుకు ఆధారాలను మనలో చాలామందికి పరిచయమున్న రెండు నగరాల మధ్య దూరాన్ని తీసుకుని పరిశీలిద్దాము. ఆ నగరాలు హైదరాబాదు, షికాగో.

దూరం ఎంత?

గోడకు వేలాడదీసిన ప్రపంచ పటాన్ని చూస్తే, హైదరాబాదు నుండి షికాగోకు దారి పడమటి దిక్కుగా అరేబియా, ఐరోపా, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా పోతుందని తోస్తుంది. పటం బల్లపరుపు, భూమి గుండ్రన. పిల్లల గ్లోబు తీసుకుని, రెండు నగరాల మధ్య ఒక దారాన్ని బిగువుగా పట్టి చూడండి. దారం పడమటికి పోదు, దాదాపు నేరుగా ఉత్తరానికి సాగుతుంది. పంజాబు, కాశ్మీరు, పామీరు పర్వతాలు, కజకస్థాన్, ఉరల్ పర్వతాలు దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల సమీపానికి వెళ్ళి, అక్కడి నుండి గ్రీన్‌లాండ్ మంచు మీదుగా, కెనడా మీదుగా షికాగోకు దిగుతుంది. భూగోళం మీద రెండు బిందువుల మధ్య ఇంతకంటె దగ్గర దారి లేదు. గణితశాస్త్రంలో దీనిని మహావృత్త మార్గమంటారు. ఈ మార్గాన దూరం సుమారు 13,300 కిలోమీటర్లు, అంటే 8,250 మైళ్ళు. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు కనుక, మనకూ మన ఊరికీ మధ్య అందులో మూడో వంతు ఉన్నదన్నమాట.

ఈ అంకె మారేది కాదు. మారగలిగినది ఈ దూరాన్ని దాటడానికి పట్టే కాలం ఒక్కటే. ఆ కాలం కూడా విమానం శక్తి మీద మాత్రమే ఆధారపడి లేదు.

గాలి వాటం

భూమి పడమటి నుండి తూర్పుకు తిరుగుతున్నది కదా, విమానం పైకి లేచి ఊరకే నిలబడితే కిందికి షికాగో తానే రాదా అని పిల్లలు అడుగుతూ ఉంటారు. మంచి ప్రశ్న. హైదరాబాదు దగ్గర నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతున్నది. అయితే నేలతోపాటు గాలి, గాలితోపాటు విమానం అదే వేగంతో కదులుతున్నాయి. కదిలే రైలులో పైకి ఎగరవేసిన బంతి తిరిగి మన చేతిలోనే పడినట్లు, భూభ్రమణం వల్ల విమానానికి నేరుగా లాభమూ లేదు, నష్టమూ లేదు.

పరోక్షమైన లాభనష్టాలు మాత్రం ఉన్నాయి. భూమి తిరగడం వల్లనూ, భూమధ్యరేఖకూ ధ్రువాలకూ మధ్య ఉష్ణోగ్రతలలో గల తేడా వల్లనూ, నేలకు 9 నుండి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పుకు వేగంగా వీచే గాలులు ఏర్పడతాయి. వీటినే జెట్ ప్రవాహాలంటారు. 1920 దశకంలో వాసబురో ఓయిషి అనే జపాను శాస్త్రజ్ఞుడు బెలూన్లు ఎగరవేసి వీటిని గుర్తించాడు. ఆయన తన పరిశోధనను ఎస్పరాంటో భాషలో ప్రచురించడంతో లోకం అంతగా పట్టించుకోలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాను మీదికి వెళ్ళిన అమెరికా వైమానికులు ఎదురుగాలిలో చిక్కుకున్నప్పుడు గాని దీని ప్రాముఖ్యం అందరికీ తెలిసిరాలేదు. శీతకాలంలో ఈ గాలులు కొన్ని చోట్ల గంటకు 300 కిలోమీటర్లు మించిపోతాయి.

ఒక చిన్న లెక్క చేద్దాము. గాలిలో విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లనుకుందాము. దారి పొడుగునా సగటున 50 కిలోమీటర్ల గాలి వెనుకనుండి తోస్తే 13,300 కిలోమీటర్లకు 14 గంటలు పడుతుంది. అదే గాలి ఎదురైతే దాదాపు 15 గంటల 40 నిమిషాలు. ఇండియాకు వెళ్ళేటప్పటికంటె తిరిగి వచ్చేటప్పుడు ప్రయాణం ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే. ఈ లెక్కలో మరొక చమత్కారం ఉన్నది. రానూ పోనూ కలిపి చూస్తే, గాలి లేని రోజుకంటె గాలి ఉన్న రోజున ఐదారు నిమిషాలు ఎక్కువే పడుతుంది. గాలి ఒక చేత్తో ఇచ్చినదానికంటె రెండో చేత్తో కాస్త ఎక్కువే తీసుకుంటుంది.

కిలోమీటర్లు తక్కువైనంత మాత్రాన ప్రయాణకాలం తక్కువ కావాలన్న నియమం లేదనడానికి ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానమే తార్కాణం. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ దారి నుండి పసిఫిక్ దారికి మళ్ళించింది. కొత్త దారి సుమారు 15,300 కిలోమీటర్లు, పాతదానికంటె దాదాపు 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా వెనుకగాలి తోడై విమానం సుమారు పద్నాలుగున్నర గంటలలో, మునుపటికంటె దాదాపు రెండు గంటలు ముందుగా గమ్యం చేరింది.

ఆగిపోయిన వేగం

ఇక అసలు విషయానికి వద్దాము. భీమవరంలో పుట్టిన మన మహాశాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు గారు ఓడ మీద బయలుదేరి 1922 అక్టోబరులో బోస్టను చేరారు. 1948 ఆగస్టులో న్యూయార్కు రాష్ట్రంలో కన్నుమూసేవరకు ఆయన స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు. ఆ కాలంలో ఇంటినుండి వచ్చే ఉత్తరమూ, ఇంటికి వెళ్ళే మనిషీ ఇంచుమించు ఒకే వేగంతో, ఒకే రకం ఓడలో ప్రయాణం చేసేవారు.

ఆయన మరణానికి రెండు నెలల ముందు, 1948 జూన్ 8న, ఎయిర్ ఇండియా తొలి విదేశీ విమానం బొంబాయి నుండి కైరో, జెనీవాల మీదుగా లండనుకు బయలుదేరింది. అది పంకాల విమానం. వేగం గంటకు సుమారు 500 కిలోమీటర్లు. 1958లో బోయింగ్ 707 జెట్ విమానం అట్లాంటిక్ మీద ప్రయాణికులను చేరవేయడం ప్రారంభించింది. 1960 మేలో ఎయిర్ ఇండియా అదే రకం విమానాన్ని లండను మీదుగా న్యూయార్కుకు నడిపింది. దాని వేగం గంటకు 900 కిలోమీటర్లకు పైమాటే. అంటే పన్నెండేళ్ళలో మనిషి వేగం దాదాపు రెట్టింపయింది.

ఆ తరువాత? నేడు మనం ఎక్కే బోయింగ్ 777, 787 విమానాల వేగం కూడా గంటకు సుమారు 900 కిలోమీటర్లే. మన తాతల కాలపు జెట్టుకంటె మన జెట్టు వేగమైనది కాదు.

దీనికి కారణం ఇంజనీర్ల చేతగానితనం కాదు, ప్రకృతి ధర్మం. పదకొండు కిలోమీటర్ల ఎత్తులో శబ్దం వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లు. విమానం దానిలో 85 శాతం వేగంతో పోతున్నంతకాలం గాలి పక్కకు తప్పుకుంటూ దారి ఇస్తుంది. అది దాటి శబ్దవేగాన్ని సమీపించేకొద్దీ రెక్కల మీద అఘాత తరంగాలు పుట్టి, గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. కాస్త వేగం కోసం ఎంతో ఇంధనం తగలబెట్టవలసి వస్తుంది. శబ్దానికి రెట్టింపు వేగంతో పోయిన కాంకార్డు 1976 నుండి 2003 వరకు ప్రయాణికులను మోసి, చివరికి మ్యూజియములకు చేరింది. అది ఎగురుతూ ఉన్న రోజులలోనైనా దాని ఇంధనం సుమారు 7,000 కిలోమీటర్లకే సరిపోయేది. షికాగో – హైదరాబాదు దూరానికి నడుమ ఎక్కడో దిగి తీరవలసిందే. 2025 జనవరిలో అమెరికాలో ఒక ప్రైవేటు సంస్థ నిర్మించిన ప్రయోగ విమానం శబ్దవేగాన్ని దాటింది. అది చిన్న విమానం. దాని వెనుక వచ్చే పెద్ద విమానం మన ఊరి మధ్యతరగతి ప్రయాణికుడికి అందుబాటులోకి వస్తుందని నేటి పరిస్థితులను బట్టి నమ్మడం కష్టం.

నాన్‌స్టాప్ మీద ఆశ

వేగం పెరగకపోతేనేమి, మధ్యలో ఆగకుండా పోతే చాలదా అన్నది సహజమైన ప్రశ్న. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు – షికాగోల మధ్య నేరుగా విమానం ప్రారంభించినప్పుడు మనలో ఎందరో పండుగ చేసుకున్నారు. ఆ సర్వీసు తరువాత ఆగిపోయింది. ఇటువంటి సర్వీసు నిలదొక్కుకోవడం ఎందుకు కష్టమో కొన్ని అంకెలు చెబుతాయి. ఇంత దూరం ఎగరగల బోయింగ్ 777-200 ఎల్‌ఆర్ విమానం గరిష్ఠంగా 347 టన్నుల బరువుతో లేవగలదు. అందులో సుమారు 145 టన్నులు ఇంధనమే కావచ్చు. ప్రయాణం చివరి గంటలో కాలే ఇంధనాన్ని అంతకు ముందరి పద్నాలుగు గంటలూ మోసుకుపోవాలి. ఆ మోతకు మళ్ళీ ఇంధనం కావాలి. దీనికి తోడు శంషాబాదు విమానాశ్రయం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. ఎత్తు వల్లనూ, వేసవి ఎండ వల్లనూ గాలి పలుచబడి, నిండు బరువుతో విమానం లేవడం మరింత కష్టమవుతుంది.

మరొక లెక్క చూడండి. హైదరాబాదు నుండి దుబాయి 2,550 కిలోమీటర్లు. దుబాయి నుండి షికాగో 11,640 కిలోమీటర్లు. రెండూ కలిపితే నేరు దారికంటె సుమారు 900 కిలోమీటర్లే ఎక్కువ. ఆకాశంలో అదనంగా పట్టేది ఒక గంట మాత్రమే. మిగిలిన ఆలస్యమంతా విమానాశ్రయంలో కూర్చున్నది.

ఆకాశం కూడా ఎల్లప్పుడూ తెరచి ఉండదు. 2019 ఫిబ్రవరి నుండి జూలై వరకు పాకిస్తాన్ గగనతలం మూతపడింది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక అమెరికా, ఐరోపా విమానాలకు రష్యా గగనతలం దూరమైంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మళ్ళీ భారతీయ విమానాలకు దారి మూసింది. అదే ఏడాది జూన్‌లో గల్ఫ్ ప్రాంతంలో కొన్ని గగనతలాలు కొద్ది గంటలు మూతపడితేనే ఎందరో ప్రయాణికులు దారిలో చిక్కుకుపోయారు. దారం బిగించి గ్లోబు మీద గీసిన గీతకు సరిహద్దులు లేవు, విమానానికి ఉన్నాయి. అందువల్ల ఇటీవలి కాలంలో కొన్ని మార్గాలలో ప్రయాణకాలం తగ్గకపోగా పెరిగింది.

గుమ్మం నుండి గుమ్మానికి

టికెట్టు మీద వేసే అంకె విమానం ఎగిరే కాలం. కుటుంబానికి కావలసిన అంకె వేరు. షికాగో శివారులోని ఇంటి గుమ్మం నుండి విజయవాడలోని ఇంటి గుమ్మానికి లెక్క కడదాము. విమానాశ్రయం చేరడానికి ఒక గంట; అక్కడ నిరీక్షణ మూడు గంటలు; దుబాయికి పదమూడున్నర గంటలు; అక్కడ విమానం మారడానికి నాలుగు గంటలు; హైదరాబాదుకు మూడున్నర గంటలు; తనిఖీలు, సామాన్లు ఒకటిన్నర గంట; శంషాబాదు నుండి విజయవాడకు రోడ్డు మీద ఐదు గంటలు. మొత్తం ముప్పై ఒకటిన్నర గంటలు. ఇందులో ఆకాశంలో గడిచేవి పదిహేడే. రేపు విమానాల వేగం రెట్టింపైనా మనకు కలిసివచ్చేది ఎనిమిదిన్నర గంటలు మాత్రమే. ఆపద సమయంలో టికెట్టు దొరకడం, సెలవు దొరకడం, పిల్లలను ఎవరికైనా అప్పగించడం కూడా కలిపితే ఇది నిండా రెండు రోజుల దూరం.

శరీరం చేరినా ప్రయాణం ముగిసినట్లు కాదు. షికాగోకు, హైదరాబాదుకు మధ్య వేసవిలో పదిన్నర గంటలు, శీతకాలంలో పదకొండున్నర గంటలు తేడా. ఇంచుమించు పగలు రాత్రి అయిపోయినట్లే. మన మెదడులో హైపోథాలమస్ అనే భాగంలో ఉన్న కణసముదాయం వెలుగు చీకట్లను బట్టి నిద్రను, మెలకువను నడిపిస్తుంది. ఆ గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుంది. రెండు వారాల సెలవు మీద వెళ్ళినవారు సుమారు పది రోజులు సగం నిద్రలోనే పెద్దలతో గడుపుతున్నారన్నమాట.

ఇక పెద్దలనే ఇక్కడికి రప్పించుకుందామంటే, వారికి ఇంకొక చిక్కు ఉన్నది. నాలుగు గంటలకు మించి కదలక కూర్చుని చేసే ప్రయాణం వల్ల కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ప్రమాదం మొత్తం మీద స్వల్పమే, సుమారు ఆరువేల మందిలో ఒకరికి. అయినా వయసు మీద పడినవారి విషయంలో వైద్యుని సలహా తీసుకోవడం, మధ్యమధ్య లేచి నడిపించడం అవసరం. అటువంటివారికి దారిలో ఒక మజిలీ శత్రువేమీ కాదు. నాన్‌స్టాప్ లేదని చింతించేకంటె, వీల్‌చైరు ఏర్పాటుతో, తీరికగా మారేటంత వ్యవధి ఉన్న టికెట్టు చూడడం మేలు.

లెక్క తెలిసినాక చేయవలసినది

రోజూ తెరమీద చూసుకుంటూనే ఉన్నాము కదా, ఈ దూరాల గొడవ ఎందుకని కొందరు అనవచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉన్నది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. మన ఊరి కబురు మనకు సెకనులో పదోవంతుకు కాస్త అటూ ఇటూగా అందుతుంది. మనిషి చేరడానికి రెండు రోజులు. సుబ్బారావు గారి కాలంలో ఉత్తరమూ మనిషీ ఒకే రకం ఓడలో పోయేవారు. కబురు వేగం పెరుగుతూ పోయింది, మనిషి వేగం 1960లో నిలిచిపోయింది. తండ్రి ఆయాసపడడం కళ్ళారా చూస్తూ, రెండు రోజులపాటు ఏమీ చేయలేని స్థితి మనకు ముందు ఏ తరం ప్రవాసులకూ ఇంత తీవ్రంగా ఎదురుకాలేదు. తెర దగ్గరతనాన్ని చూపిస్తుంది గాని దూరాన్ని తగ్గించదు.

కనుక కొన్ని మాటలు విన్నవించుకుంటాను. మొదటిది, పెద్దలకు నిజమైన అంకె చెప్పాలి. "ఫోను చేస్తే మర్నాటికి వచ్చి వాలతాను" అన్నది ప్రేమతో అనే మాటే గాని, దాన్ని నమ్ముకుని వారు పక్కింటివారి సాయాన్ని, ఊళ్ళో ఉన్న బంధువుల సాయాన్ని వద్దంటే నష్టం వారికే. రెండు రోజులు పడుతుందని చెబితే, ఆ రెండు రోజులకు ఎవరు తోడుండాలో, ఏ ఆసుపత్రికి తీసుకుపోవాలో ముందే ఏర్పాటు చేసుకుంటారు. పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు లేదా వీసా గడువులు చూసుకోవడం, టికెట్టుకు సరిపడా సొమ్ము విడిగా ఉంచడం మన వంతు.

రెండవది, పరుగెత్తుకుని వెళ్ళే ప్రయాణంకంటె తీరికగా వెళ్ళే ప్రయాణానికి విలువ ఎక్కువ. రెండేళ్ళకొకసారి వెళ్ళేవారికి, డెబ్బై ఐదేళ్ళ తల్లితో రాబోయే పదేళ్ళలో మిగిలినవి ఐదు కలయికలు. ఆ ఐదింటిలో పెళ్ళి హడావిడిలో ఒకటి, ఆసుపత్రి వసారాలో ఒకటి పోతే మిగిలేవి మూడు. పెరడులో కూర్చుని మాట్లాడుకోవడానికి ఆ మూడే ఉన్నాయి. శరీరం సర్దుకునే పది రోజులను కూడా లెక్కలో వేసుకుని, వెళ్ళినప్పుడు కనీసం నాలుగు వారాలు ఉండేటట్లు సెలవులు కూడబెట్టుకోవడం మంచిది.

మూడవది చెప్పడానికి కఠినమైన మాట. విదేశంలోని కొడుకు, కూతురు వచ్చేవరకు భౌతికకాయాన్ని ఫ్రీజరు పెట్టెలో ఉంచి, ఇంటిల్లిపాదీ రెండు మూడు రోజులు అన్నపానీయాలు లేక ఎదురుచూడడం మన ఊళ్ళలో పరిపాటి అయింది. ఆగాలా వద్దా అన్నది ప్రతి కుటుంబమూ నిర్ణయించుకోవలసిన విషయం. కాని ఆ నిర్ణయం పెద్దలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే, వారి నోటి వెంటనే రావాలి. "నాకోసం ఆగవద్దు, దగ్గరున్న తమ్ముడు చేసినా నేను చేసినట్లే" అని ముందే చెప్పగలిగిన అన్న, ఆ తమ్ముడి భుజాల మీది బరువును సగం దించినవాడవుతాడు. దూరాన ఉన్నవారి అపరాధభావానికి దగ్గరున్నవారు మూల్యం చెల్లించడం న్యాయం కాదు.

శాస్త్రం మన దూరాన్ని ఒకప్పుడు ఎంతో తగ్గించింది; అందుకు కృతజ్ఞులం. కాని అది ఇంకా తగ్గిస్తుందన్న భరోసాతో దేనినీ వాయిదా వేయడానికి వీలులేదు. మన పిల్లల పిల్లలు కూడా హైదరాబాదుకు ఇంచుమించు ఇంతే కాలం ప్రయాణం చేస్తారు. ఈ వేసవిలో ఇంట్లో గ్లోబు మీద దారం బిగించి పిల్లలకు ఆ దారి చూపించండి. తరువాత కాలెండరు తీసి, తీరికగా వెళ్ళే ప్రయాణానికి ఒక తేదీ గుర్తు పెట్టండి.